బావ ఆటపట్టిస్తే నవ్వాలె

మన్సూరాబాద్,
14 అక్టోబర్ 2025, మంగళారం.

తమ్ముడు రామచంద్రానికి,

మీ అక్క లలితమ్మ చెప్పంగ మనుమరాలు స్పందన రాస్తున్న కాయితం ఇది. నువ్వు మంచిగున్నవా లేదా అన్నది ఆఖర్న అడుగుత, ముందుగాల నా లొల్లి ఇను. ఇను అంటున్న గని నీకు ఇనవడదాయె. ఇన్నేండ్ల మగ్గం సప్పుడు నీ చెవులు తిన్నది. గందుకే ఫోన్ జెయ్యకుంట కాయితం రాయిస్తున్న. మీ కోడలి ఫోన్ల మెసేజ్ పెడుదామని పోరి అన్నది. వద్దన్న. అది నీకంటె ముందు మీ వాడకట్టంత చదువుతది. నా కొడుకు నరేష్ పనిజేసే దిల్‌సుఖ్‌నగర్ షాపుకు సైదులు మంగళారం మంగళారం చీరల మూటలు తెస్తడు గద, వాపస్ పోయేటప్పుడు వాని చేతికిస్తున్న. వానికి నా లెక్కనే చదువు రాదు, పైలంగ తెస్తడు.

సంగతేందంటె, నా మనుమడు అభిలాష్‌ను బడిల క్లాసులకు రానిస్తలేరు. పదో తరగతి పిలగాడు. ఛాతి మీద డిసిప్లిన్ కెప్టెన్ అని బిళ్ల పెట్టుకొని, లైన్ తప్పినోన్ని లైన్ల నిలవెట్టే పిలగాడు. గా బిళ్ల గుంజుకొని ఆఫీసు పక్క రూమ్ల ఒక్కన్ని గూసోవెడుతున్నరు. ఎందుకయ్యా అంటే, మా ఇంట్లనే ఉండి గదే బడిల చదివే నీ మనుమడు గౌతమ్‌ను ఏడ్పిచ్చిండట! పెద్ద మేడం నరేష్‌ను పిలిపిచ్చి చెప్పింది: గౌతమ్ ఇంటోళ్లు "మాకేం ఫిర్యాదు లేదు" అని రాసియ్యాలె, లేకుంటే నవంబర్ ఆఖరుకు టీసీ చేతుల పెడుతం అని. పదో తరగతి నడుమ టీసీ ఇస్తే ఏ బడి రానిస్తది తమ్మీ? పిలగాని బతుకు ఏం గావాలె?

అరే, నేను నీ తోడవుట్టిన అక్కను. మన మనుమలు బావ బామ్మర్దులు గాక ఇంకేమైతరు? బామ్మర్దిని బావ ఆటపట్టియ్యకుంటే తొవ్వల పోయేటోడు పట్టిస్తడా? నీ లగ్గంల మా ఆయన, పైకివోయిన మహానుభావుడు, నిన్నేం జేసిండో యాదికున్నదా? పాన్ల మిరపకాయ పెట్టిండు. చెప్పులు బాయిల ఏసిండు. కొత్త పెండ్లికొడుకువు వట్టికాళ్లతోని బండెక్కినవు. నువ్వేమన్న ఠాణాకు పోయినవా?

దసర సెలవులకని ఊరికి పంపిస్తే నీ మనుమడు ఇప్పటిదాక తిరిగి రాలే. నా ఇంట్ల ఏం తక్కువైంది వానికి? అమ్మమ్మా అమ్మమ్మా అని కొంగు వట్టుకొని తిరిగినోడు, ఒక్క మాట చెప్పకుంట అక్కడనే ఉండిపోవుడేంది? నేను వాన్ని ఒక్కనాడు పల్లెత్తు మాటనలే. పొద్దుగాల లేస్తే నల్ల కాడ గూసోని చేతులు తోముడే తోముడు, బట్టల సబ్బంత అరగదీసిండు, నీళ్లేమో దినం తప్పిచ్చి దినం వస్తయి. గదన్న ఓర్చుకున్న.

ఎవరు పోయి బడిల చాడీ చెప్పిన్రో వాళ్ల చేతులిరిగిపోను. రాయవేమే, కలమెందుకు ఆపినవ్, రాయి. చేతులిరిగిపోను! మీ కోడలే అయ్యుంటది.

(తాతా, ఇక్కడ ఇంకో నాలుగు తిట్లున్నయి. కాయితంల జాగ లేదని రాయలేదు. స్పందన.)

నువ్వొక్క కాయితం రాసి సంతకం పెట్టు. "వాళ్లు బావ బామ్మర్దులు, సరసమాడుకున్నరు" అని. గంతే. వచ్చే మంగళారం సైదులు చేతికియ్యి.

నువ్వు మంచిగున్నవా?

ఇట్లు, నిన్ను సంకనేసుకొని పెంచిన అక్క
లలితమ్మ
(నల్లగ అలికినట్టున్నది చూడు, అది నా ఏలిముద్ర.)


పోచంపల్లి,
20 అక్టోబర్ 2025, దీపావళి.

అక్కకు తమ్ముడు రామచంద్రం దండం పెట్టి రాసేది.

నేను మంచిగనే ఉన్న. వానలకు నూలు ఆరక మగ్గం రెండు రోజులు పండుకున్నది, అంతకు మించి బాధలేమీ లేవు. లలిత అని నీకు పేరు పెట్టినప్పుడు నాయిన నీ నోరు ఇంకా చూడలేదు. నీ కాయితం చదివితే నాకు ఇనవడ్డట్టే అయ్యింది.

అక్కా, ఒకటి అర్థమైతే రెండు అర్థం కాలేదు. మేమెవ్వరం బడికి రాలేదు. ఫోన్ చెయ్యలేదు. అభిలాష్‌ను బైట కూసోవెట్టిన్రన్న సంగతి నీ కాయితం చూసినంకనే తెలిసింది. కోడలు కూడ దేవుని మీద ఒట్టు పెట్టింది.

గౌతమ్‌ను అడిగిన. నాతోని మాట్లాడాలంటే ఇంట్ల అందరు పలక మీద రాస్తరు కద, వాడు "ఏం లేదు తాతా" అని రాసి తుడిచేసిండు. మల్ల బడికి పోతవా అంటే తల అడ్డం ఊపిండు. ఎందుకురా అంటే లేచిపోయిండు. పొద్దంత నా పక్కన కూసోని, రంగు అంటొద్దన్న కాడ నూలుకు చిటికీలు కడుతడు. పని మంచిగ చేస్తడు, గని ఎనిమిదో తరగతి పిలగాడు బడి ఎగ్గొట్టి మగ్గం కాడ కూసుంటే నాకు సంతోషమెట్లయితది?

వచ్చిన రోజు వాని చేతులు చూసిన. ఏళ్ల కొసలు తోలు లేచి ఎర్రగున్నయి. బడిల ఏమన్న సున్నం పని, సిమెంటు పని చేపిస్తున్నరా? నీ కాయితంల సబ్బు సంగతి చదివినంక నాకు సమజైంది. నీళ్లకు కరువున్న ఇంట్ల, ఇంకొకళ్ల పిలగాన్ని పెట్టుకునుడు కష్టమే. నీ కోడలు సౌజన్య ఏమన్న అన్నదేమో, వాడు చిన్నబుచ్చుకొని వచ్చిండేమో. ఆమె తప్పు లేదు. మొదలే నేను పంపించేది ఉండె. సైదులుతోని ఒక డబ్బ సబ్బులు పంపిస్తున్న, కాదనకు.

కాయితం సంగతి. నువ్వు చెప్తే నేను ఎప్పుడన్న కాదన్ననా? గని ఏం జరిగిందో తెల్వకుండ ఏం జరగలేదని ఎట్ల రాయాలె? జర తెలియజెయ్యి, రాస్త.

నీ తమ్ముడు
రామచంద్రం


మన్సూరాబాద్,
28 అక్టోబర్ 2025.

సబ్బులు పంపే మొనగాడు రామచంద్రానికి,

నీ సబ్బుల డబ్బ వాపస్ పంపిన, సైదులు ఇచ్చిండా? డబ్బ చూసి సౌజన్య పొయ్యి కాడ కండ్లొత్తుకున్నది. నేనొక్కనాడు వాన్ని వేరుగ చూసిన్నా అత్తమ్మా, అభిలాష్‌కు రెండు గుడ్లేస్తే వానికీ రెండేసిన కదా అని. నేనేం చెప్పిన, నువ్వేం చదివినవ్? నోట్లె మాట కాయితం మీదికొచ్చేవరకు ఇంకోటయితదా ఏంది. ఏమే స్పందనా, నేను చెప్పిందే రాస్తున్నవా?

(చెప్పిందే రాస్తున్న తాతా.)

నువ్వు రాయకపోతివి, నేనే బడికి పోయిన. ఎల్.బి.నగర్ దాక ఆటోల. గేటు కాడ వాచ్‌మన్ అపాయింట్‌మెంట్ ఉన్నదా అవ్వా అన్నడు. నా మనుమని పాణం మీదికొచ్చింది, అపాయింట్‌మెంట్ యముని కాడ తీసుకున్న, జరుగు అన్న. జరిగిండు.

పెద్ద మేడం ఆంధ్రా ఆమె. మంచి మర్యాద. "కూర్చోండి మామ్మగారూ, మంచినీళ్లు తాగుతారా?" అన్నది. పక్కన ఇంకో పిల్ల, స్పందన ఈడుంటది, కౌన్సెలింగ్ మేడమట. ఇద్దరు కలిసి బుల్లీయింగ్ బుల్లీయింగ్ అన్నరు. గదేం రోగమమ్మా అన్న. "రోగం లాంటిదే మామ్మగారూ, ఒకడికి వస్తే పదిమందికి అంటుకుంటుంది" అన్నది. పొద్దుగాల ప్రార్థన కాడికెళ్లి సాయంత్రం దాక గౌతమ్‌ను ఏడ్పిచ్చిన్రట. పదో తరగతోళ్ల బ్యాగులన్ని మోపిచ్చిన్రట. సద్దిగిన్నె దాసిపెట్టిన్రట. ఆఖరుకు బాత్‌రూమ్ కాడ మీద నీళ్లు పోసి వీడియో తీసిన్రట. ఆ వీడియో ఎవరో బడిల చూపెట్టిన్రు. ఎవరు అంటే చెప్పరు. నాకు చూపెట్టున్రి అంటే చూపెట్టరు, పిల్లలదట.

నీళ్లే గద! లగ్గంల వసంతాలాడితె నీళ్లు పొయ్యమా? బావ బామ్మర్దుల వరస గురించి మొత్తం ఇడమరచి చెప్పిన. మేడం శాంతంగ ఇన్నది. "మా వైపు కూడా బావలు ఏడిపిస్తారండీ. కానీ ఆ మిగతా కుర్రాళ్లు అతనికి ఏమవుతారు?" అన్నది. ఏమయితరు, బావ దోస్తులయితరు అన్న. ఆమె ఆ పిల్ల మొకం చూసింది, ఆ పిల్ల ఈమె మొకం చూసింది. సదువుకున్నోళ్లకు వరసలు తెల్వవు తమ్మీ.

ఎండకాలం సెలవులు అయిపోయి వచ్చినప్పుడు గౌతమ్ చేతులకు నీ రంగులంటి ఉండె. బడిల పోరగాండ్లు చూసి నవ్విన్రట, ఇంటికొచ్చి మొకం ఏలాడేసుకున్నడు. నేనే బుద్ధి చెప్పిన. బావ ఆటపట్టిస్తే నవ్వాలెరా, నవ్వితె వాళ్లే ఇడిసిపెడ్తరు, ఏడిస్తే ఇంకింత ఏడ్పిస్తరు అని. తల ఊపి పోయిండు. మంచి పిలగాడు. మరి ఇప్పుడు ఎవరు నూరిపోసిన్రు వానికి?

నువ్వు మాత్రం ఇంక సాకులు చెప్పకు. నీ కాయితం మీదనే నా మనుమని పదో తరగతి ఏలాడుతున్నది. రాయకపోతివా, నీ గడప తొక్క. నేను సచ్చినా రాకు.

ఇట్లు, నీ అక్క
లలితమ్మ


పోచంపల్లి,
3 నవంబర్ 2025, సోమారం.

అక్కకు దండాలు.

గడప తొక్కనంటే నవ్వొచ్చింది, సచ్చినా రావద్దంటే నవ్వు పోయింది. అట్ల రాయించకు. నీ పక్కన ఆ పోరి ఎట్ల రాసిందో.

ఒక సంతోషం చెప్పాలె. నువ్వు చూడలేదన్న వీడియో నేను చూసిన. స్పందననే కోడలి ఫోన్‌కు పంపిందట, "తాతకు చూపెట్టున్రి" అని. నాకు చెవులు లేవు గని కండ్లు మంచిగున్నయి. అద్దాలు పెట్టుకొని మొత్తం చూసిన. నల్లల కాడ పిలగాండ్లు గుంపుగ ఉన్నరు. నడిమిట్ల అభిలాష్, బిళ్ల పెట్టుకొని, పెద్దమనిషి లెక్క. ఒకడు సీసతోని గౌతమ్ ప్యాంటు ముందట నీళ్లు పోసిండు. ఇంకొకడు వాని చేతులు పట్టి ఫోన్ ముందట చూపెట్టిండు. అందరు నవ్వుతున్నరు. అక్కా, మావోడు గూడ నవ్వుతుండు! పండ్లన్ని కనవడంగ నవ్వుతుండు. నా గుండెల మీదికెళ్లి బండ దించినట్టయింది. నా లగ్గం యాదికొచ్చింది, బావ యాదికొచ్చిండు.

గౌతమ్‌ను పిలిచి చూపెట్టిన. "ఇంత మంచిగ నవ్వుతున్నవ్, మరి ఎందుకు పోవురా?" అన్న. వాడు ఫోన్ దిక్కు చూడలే, నా దిక్కు చూసిండు. పోయి మగ్గం గుంతల కూసున్నడు. అన్నానికి పిలిస్తే రాలే. ఈ ఈడు పిలగాండ్ల మనసుల ఏముంటదో బ్రహ్మకు కూడ తెల్వదు.

నువ్వడిగిన కాయితం రాసి, సంతకం పెట్టి దీంట్లనే పెట్టిన. కోడలు సంతకం పెట్టనన్నది. ఏందో గట్టిగనే అన్నది, నోరు కదిలింది, గని పలక మీద రాయమంటే రాయలే. ఆమె ఏమన్నదో తెల్వకనే నేను పెట్టిన. నువ్వు కోపం తగ్గించుకో.

నీ తమ్ముడు
రామచంద్రం


మన్సూరాబాద్,
11 నవంబర్ 2025.

తమ్మీ రామచంద్రం,

ఇయ్యాల తిట్లు లేవు. మెల్లగ చదువు.

నీ కాయితం వచ్చింది. స్పందన చదివి వినిపిచ్చింది. "స్పందననే పంపిందట" అన్న కాడ ఆగింది. నాకు చదువు రాదు, ఆ ముక్క దాటేసి చదివితె నాకేం తెలుస్తుండె? గని దాటలే. మొత్తం చదివింది. చదివి, "తమ్ముని ఫోన్ల చూసిన. బడిల చూపెట్టింది గూడ నేనే నానమ్మా" అన్నది.

నేను చాడీ చెప్పినోళ్ల చేతులిరిగిపోను అని రాయించిన గద. ఆ తిట్టు రాసిన చేతులు అవే.

ఎందుకు జేసినవే, సొంత తమ్మున్ని, అన్న. ఫోన్ తీసి నా చెవి కాడ పెట్టింది. నీకు ఎర్కనే, నా కండ్లు మసక, నాకు బొమ్మ ఆనదు. నువ్వు చూసిందేదీ నేను చూడలే. నేను ఇన్న.

నువ్వు ఇననిది రాయిస్తున్న, గుండె గట్టిగ చేసుకో.

ముందు నీళ్ల సప్పుడు. ఎవడో "చేతులు చూపెట్టురా, రంగు పోయిందా?" అన్నడు. వాడు వంశీకృష్ణ అని అభిలాష్ దోస్తట, నా చేతి బువ్వ తిన్నోడే. తర్వాత గౌతమ్ గొంతు, "చాలు బావా, చాలు బావా" అని. తర్వాత నా మనుమని గొంతు. "నవ్వురా. పండ్లు కనవడాలె. నవ్వుతవా, ఇంకో సీస పొయ్యాల్నా? ఇంటికి పోయి అమ్మమ్మకు చెప్పుకుంటవా? చెప్పుకో. బావ గదరా, నవ్వు అంటది."

గందుకు నవ్విండు తమ్మీ నీ మనుమడు, పండ్లు కనవడంగ.

గొంతు వానిదే, మాట నాది. నా నోట్లకెళ్లి తీసుకపోయి వాని నెత్తి మీద పోసిండు.

అభిలాష్‌ను పిలిచి ముందట నిలవెట్టిన. ఏడ్వలే, అరువలే. ఒక్కటే అడిగిన. ఇది ఆట అంటివి గద, మరి వాడు నిన్నేం జేసిండు చెప్పు. మీ తాత మా తమ్ముని చెప్పులు బాయిల ఏస్తే, మా తమ్ముడు ఊకున్నడా? మీ తాత పండుకున్నంక మీసాలకు ఎర్ర రంగు పూసి పోయిండు. ఎన్ని దినాలు మూతికి రుమాలు అడ్డం పెట్టుకొని తిరిగిండో, రుమాలు తీస్తే వాడకట్టంత నవ్వేది, ఆయన గూడ నవ్వేది. గట్ల గౌతమ్ నిన్నేం జేసిండు? ఒక్కటి చెప్పు, ఇప్పుడే నీ పక్షాన బడికి పోత.

"వాడు ఏం చెయ్యడు నానమ్మా, భయపడ్తడు" అన్నడు.

వానికి ఆ మాట తప్పనిపియ్యలే, అదీ నా బాధ. జవాబు దొరికినట్టు మొకం పెట్టి చెప్పిండు. రాత్రయితె నా కాళ్లు పిసికే పిలగాడు వాడు. కండ్లల్ల మందు చుక్కలు పోసేది వాడే. వానిల ఇంకో పిలగాడు ఎప్పుడు వచ్చి కూసున్నడు, ఏ దర్వాజల వచ్చిండు, నేనింట్లనే ఉంటి గద! తిట్టాల్నంటే ఎవన్ని తిట్టాల్నో సమజైతలేదు. కొడుదామంటే చెయ్యి లేస్తలేదు.

స్పందన చేతులకు ఉప్పు దిగదుడిచి నీళ్లల్ల ఏసిన. ఆముదం రాసిన. నా తిట్టు దానికి తగలొద్దు. అది చెప్పకపోతే వాడు రేపు ఇంకెవన్నో బాయిల తోసేటోడు.

మల్ల బడికి పోయిన. ఇస్త్రీ చీర కట్టుకొని పోయిన. మేడం, అది ఆట గాదు, నేను ఆట అని లొల్లి చేసిన, అది గాదు అన్న. ఆమె పరేషాన్ అయింది. "మామ్మగారూ, ఇంతకీ మీరు ఎవరి పక్షం?" అన్నది. ఇద్దరి పక్షం, ఒకడు నా కొడుకు కొడుకు, ఒకడు నా తమ్ముని మనుమడు, నాకు మూడో పక్షం లేదు అన్న. టీసీ ఇస్తవా ఇయ్యి, గని ఇచ్చేముందు వాన్ని నాకు కొన్ని దినాలు ఇడిసిపెట్టు అన్న. ఇడిసిపెట్టింది.

నీ సంతకం కాయితం దీంట్ల పెట్టి వాపస్ పంపుతున్న. అది నాకొద్దు.

ఆదివారం వాన్ని తోల్కొని వస్తున్న. మీ ఇంట్ల దించి నేను పోత. బావ వచ్చిండని కోడిని కొయ్యకున్రి, చాప ఎయ్యకున్రి. వాన్ని ఏం జెయ్యాల్నో గౌతమ్ ఇష్టం. వద్దు తీసుకపో అంటే తీసుకపోత.

లలితమ్మ


పోచంపల్లి,
24 నవంబర్ 2025, సోమారం.

అక్కా,

నువ్వు బస్సెక్కి పోయినంక ఇంట్ల ఏం జరిగిందో రాయమంటివి. చూసింది రాస్త. చూసింది నిజమే అని మాత్రం ఇంక నేను చెప్పలేను.

నీ కాయితం చదివినంక వీడియో మల్ల చూసిన. ఈసారి మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి, కండ్లు ఒక్కటే చూసిన. ఆ కండ్లు ముందే చూస్తే నాకు చెవులతోని పనే లేకుండె. "ఇంత మంచిగ నవ్వుతున్నవ్" అన్న కద వానితోని. ఆ మాట మీద నాకు బువ్వ దిగుతలేదు.

అభిలాష్ వసారల పండుకున్నడు. గౌతమ్ వాని దిక్కు రాలే. ఒకడు తిన్నంక ఒకడు తిన్నరు. అభిలాష్ నా పలక మీద "సారీ తాతా" అని రాసిండు. నాకెందుకురా అని తుడిచిన. గౌతమ్ కాడికి పలక పట్టుకొని పోయిండు. వానికి చెవులున్నయి కద, పలక ఎందుకో. బహుశ నోరు రాలేదేమో. గౌతమ్ చదవకుండనే లేచి అటు పోయిండు.

బుధారం రంగు ఏసినం. ఎర్రది. మేము రంగు పని చేసేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ఏసుకుంటం. ఎండకాలం గౌతమ్ తొడుగులు లేకుండనే, మా ఎనకటోళ్ల లెక్క చేస్తనని చేసిండు, అందుకే వాని చేతులకు అంటింది. అభిలాష్ నేను కూడ చేస్తనని వచ్చి నిలవడ్డడు. గౌతమ్ తొడుగుల జత తీసి దూలం మీద పెట్టిండు. ఏం తెల్వనోని లెక్క వచ్చి, చల్లారిన బాన వాని ముందట పెట్టి, నూలు చేతికిచ్చి, ముంచు అన్నట్టు చెయ్యి ఊపిండు. ఇదంత నేను చూసిన అక్కా. చెప్పాల్నా వద్దా అని ఆలోచన చేసిన. నీ కాయితం మగ్గం పక్కన పెట్టి మరిచిపోయిన, మీసాల సంగతి వాడు చదివినట్టున్నడు. నేను గొంతు విప్పలే.

అభిలాష్ మోచేతుల దాక ముంచిండు. తీసి చూసుకున్నడు. కడిగిండు, పోలే. మల్ల కడిగిండు. గౌతమ్ ఇంట్లకు పోయి ఒక సబ్బు తెచ్చి వాని ముందట పెట్టిండు. నువ్వు వాపస్ పంపిన సబ్బులల్లదే. పెట్టి పోయిండు.

అభిలాష్ ఆ సబ్బు పట్టుకొని అక్కడనే కూసున్నడు. వానికి సమజైనట్టున్నది. నాకైతే అప్పుడు సమజైంది, మీ నల్ల కాడ నా మనుమడు పొద్దుగాల పొద్దుగాల ఏం తోముకున్నడో.

రేపు సైదులు బండ్ల పంపిస్తున్న. చేతులు చూసి భయపడకు, రంగే.

రామచంద్రం


మన్సూరాబాద్,
2 డిసెంబర్ 2025.

తమ్మీ,

నా కండ్లకే ఆనింది, గంత ఎర్రగున్నయి. సౌజన్య చూసి దవాఖానకు పోదామని ఏడ్చింది. పాపం, దానికేం తెల్సు.

నువ్వు అన్ని రాసి అసలుది ఇడిసిపెట్టినవ్. రంగుల ముంచినప్పుడు గౌతమ్ నవ్విండా లేదా? నవ్వితె అది ఆట, వరస నిలవడ్డది. నవ్వకుంటే అది పగ. గదొక్కటి తెలిస్తే నేను కడుపునిండ బుక్కెడు తింట.

ఇక్కడి సంగతి ఇను. గవే చేతులతోని బడికి పోయిండు. నిండు చేతుల అంగి ఏసుకోరా అంటే ఏసుకోలే. మేడం టీసీ ఇస్తలేదు. క్లాసుల కూసోవెట్టింది, పరీక్షలు రాయనిస్తదట. వారం వారం ఆ కౌన్సెలింగ్ పిల్ల కాడ కూసోవాలె, ఆ వంశీకృష్ణ గూడ, ఆ గుంపంత గూడ. బిళ్ల మాత్రం ఇయ్యరు. ఇచ్చినా తీసుకోకు అన్న.

సోమారం ప్రార్థన కాడ ఆ వంశీకృష్ణనే, కెప్టెన్ కెప్టెన్ అని వీని ఎనకాల తిరిగినోడే, "చేతులు చూపెట్టురా, రంగు పోయిందా?" అన్నడట. అందరు నవ్విన్రట. స్పందనకు ఎవరో చెప్పిన్రు, వీడు ఇంట్ల చెప్పలే. సాయంత్రం కాళ్లు పిసుకుడు ఇడిసిపెట్టి నా పక్కన కూసున్నడు. "నానమ్మా, నవ్వాల్నా?" అని అడిగిండు.

తమ్మీ, ఊరందరికి జవాబులు చెప్పేదాన్ని నేను. నవ్వు అంటే గౌతమ్‌కు చేసిందే వీనికి చేసినట్టు. నవ్వకు అంటే వాళ్లు ఇంకింత చేస్తరు. నాకేం తెల్వదురా అన్న. నిజంగ తెల్వదు. ఆ కౌన్సెలింగ్ పిల్లను అడుగు అన్న. నా నోటికెళ్లి గా మాట వచ్చిందంటె నువ్వు నమ్ముతవా?

నాకు జవాబు రాయి. నవ్విండా?

లలితమ్మ


పోచంపల్లి,
8 డిసెంబర్ 2025.

అక్కా,

నవ్విండని రాద్దామని కలం పట్టిన. నువ్వు తింటవు కద అని. రాయలేకపోయిన. ఒకసారి నవ్విన మొకం చూసి సంతకం పెట్టిన, ఇంక ఆ పని చెయ్య. రంగుల ముంచినప్పుడు గౌతమ్ ఈపు నా దిక్కు ఉండె. అది నిజం.

గౌతమ్‌ను ఇక్కడ హైస్కూల్ల చేర్పిచ్చినం. పట్నం రానన్నడు, నేను బలవంతం చెయ్యలే. నువ్వు కూడ చెయ్యకు.

అయితే ఇయ్యాల పొద్దుగాల ఒకటి జరిగింది. నేను కండెలు చుడుతున్న, వాడు వచ్చి నా పలక తీసుకున్నడు. నేనేమీ అడగలే. వాడే రాసి నా ముందట పెట్టిండు: "అమ్మమ్మను అడుగు. బావకు రంగు పోయిందా?"

రాసి తుడువలే. పలక అట్లనే పెట్టి బడికి పోయిండు. పోయేటప్పుడు వాని మొకం చూసిన. నవ్విండా అంటే మాత్రం నేను ఒట్టు పెట్టను.

నీ తమ్ముడు
రామచంద్రం


మన్సూరాబాద్,
9 డిసెంబర్ 2025.

మనుమడు గౌతమ్‌కు,

ఇది మీ తాతకు గాదు, నీకు.

పోలే బిడ్డా. చేతుల మీద పలచవడ్డది గని గోర్ల సందులల్ల అట్లనే ఉన్నది. నువ్వు వానికిచ్చిన సబ్బు తెచ్చి మా నల్ల కాడ పెట్టిండు. పొద్దుగాల పొద్దుగాల నేనే పోయి తడుముతున్న, కొత్తది కొత్తగనే ఉన్నది. నీ బావ తోముతలేడు.

మీ అమ్మమ్మ
లలితమ్మ